వీపాయన చూసిన కిటికీ

తాళాలు తీసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా నలుగురైదుగురు ఉంటారు. తీసిన తాళానికి వీపు చూపించేవాడు మాత్రం ఆయనొక్కడే. కనుక ఆయన అసలు పేరుని ఓటర్ల జాబితాకి వదిలేసి, జనం ఆయన్ని వీపాయన అనడం మొదలుపెట్టారు. ఆయన కూడా ఆ బిరుదుని తగిన గాంభీర్యంతోనే స్వీకరించాడు.

ఆయన పద్ధతి ఇది. తాళం ఎంత మొండిదైనా సరే, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. చెవి ఆనిస్తాడు. చేతిలోని గుత్తిలోంచి పళ్ళు లేని ఖాళీ తాళంచెవి ఒకటి తీసి దూర్చి, తిప్పి, బయటికి తీసి, దాని మీద పడ్డ గీతల్ని చూసి, ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతాడు. మళ్ళీ దూరుస్తాడు. తాళం తనంతట తాను లొంగిపోయేదాకా ఇదే వరస. లోపల టక్‌మని వినపడగానే మాత్రం పామును చూసినవాడిలా లేచి, తలుపుకి వీపు తిప్పి, ఎదురుగోడని చూస్తూ, "ఇక మీ ఇష్టమండీ" అంటాడు.

ఈ నియమం ఆయన తండ్రి పెట్టింది. ఆ పెద్దమనిషిదీ తాళాల పనే. "తీసేదాకా చూడరా, తీశాక చూడకు. తాళం వరకే మనం. అవతలున్నది వాళ్ళది" అని కొడుక్కి నూరిపోశాడు. రెండో నియమం, చేసిన తాళంచెవిని యజమాని చేతిలో పెట్టనిదే గడప దాటకూడదు. కొడుకు ఈ రెండిటినీ రాజ్యాంగంలా పాటించాడు. దానివల్ల ఊళ్ళో సగం తలుపులు తీసిన మనిషికి ఒక్క గది కూడా తెలియకుండా పోయింది. ఇనప్పెట్టెలు, బీరువాలు, పోయినవాళ్ళ గదులు, అలిగి గడియ పెట్టుకున్న కోడళ్ళ గదులు, అన్నిటి దగ్గరా ఆయన చూసింది ఎదురుగోడే. ఎదురుగోడల విషయంలో మాత్రం ఆయనంత పండితుడు ఇంకొకడు లేడు.

"మీకంటే దొంగ నయం," అనేది భార్య. "వాడు లోపలికెళ్ళి నాలుగు వస్తువులైనా చూసొస్తాడు."

విడ్డూరమేమిటంటే, చిన్నప్పుడు ఆయన ఇలాంటివాడు కాడు. కనపడ్డ ప్రతి తాళం కన్నానికీ కన్ను ఆనించడమే పని. ఇనప తలుపులకి ఆనించి ఆనించి కుడికంటి చుట్టూ తుప్పుచార ఒకటి ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు. ఆయనా, వాళ్ళక్కా కలిసి ఒక ఆట ఆడేవాళ్ళు. దారిలో తాళం వేసిన తలుపు కనిపిస్తే ఒకళ్ళు "లోపలేముంది?" అనాలి. రెండోవాళ్ళు ఆలోచించకుండా చెప్పెయ్యాలి. సముద్రం. నిద్రపోతున్న ఏనుగు. కిందికి మాత్రమే వెళ్ళే మెట్లు. ఎప్పుడూ అక్కే నెగ్గేది. తమ్ముడు చెప్పేవి ఊహించినట్టుండేవి, ఆవిడ చెప్పేవి చూసొచ్చినట్టుండేవి. తర్వాత తండ్రి కొడుకుని పనిలోకి దించి, మెడ పట్టుకుని అటు తిప్పి నిలబెట్టాడు. మెడ అలాగే ఉండిపోయింది.

ఆ అక్క ఇప్పుడు తమ్ముడింట్లోనే, వీధివైపు గదిలో, మంచం మీద ఉంది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "లైన్ కలవలేదు" అనేది. ఆ మధ్య స్నానాలగదిలో జారిపడింది. ఎముక అతుక్కుంది గానీ మనిషి లేవలేదు. మొదట నడక మానేసింది, తర్వాత పేపరు చదవడం మానేసింది, ఆ తర్వాత మరదలితో పోట్లాడటం కూడా మానేసింది. పోట్లాట మానేసిన రోజున మరదలు వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

చివరికి ఒక్క ప్రశ్న మిగిలింది. తమ్ముడు పనిసంచీ దించిన చప్పుడు వినపడగానే అడిగేది.

"ఇవాళ ఏ తలుపురా?"

"వకీలుగారి బీరువా అక్కా."

"లోపలేముంది?"

"చూళ్ళేదక్కా."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకునేది.

డాక్టరు వచ్చి చూసి, వసారాలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒంట్లో ఏమీ లేదండీ. ఆవిడ లోపల్నుంచి గడియ పెట్టుకుంటున్నారు. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి. ఆ ఒక్క ప్రశ్న కూడా ఆగిపోయిందంటే మళ్ళీ మనిషిని తేలేం." తాళాలాయన ముందు గడియల ప్రస్తావన తెచ్చానని డాక్టరుకి తోచలేదు. వీపాయనకి మాత్రం అది వృత్తిపరంగా తగిలింది. ఆయన జీవితంలో తెరవలేక వదిలేసిన తలుపు లేదు.

"ఏదో ఒకటి కల్పించి చెప్పకూడదటండీ?" అంది భార్య.

ఆయన ప్రయత్నించాడు. "ఇవాళ లోపల నగలున్నాయక్కా," అన్నాడు.

"ఎలాంటివి?"

"పసుపుపచ్చగా ఉన్నాయి."

ఆవిడ చాలాసేపు ఆయనవైపు జాలిగా చూసింది. "అబద్ధానికి కూడా వీపే తిప్పుతావురా," అంది. మర్నాడు సాయంత్రం ఆ ప్రశ్న అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. సంచీలోంచి సుత్తి తీసి కావాలనే నేలమీద పడేశాడు. ఆవిడ కదల్లేదు.

ఆ వారంలోనే ఈతకొలను నుంచి కబురొచ్చింది.

ఆ కొలను మూతపడి ఎంత కాలమైందంటే, అందులో ఈత నేర్చుకున్నవాళ్ళకి ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. అక్క నేర్చుకున్నది అందులోనే. ఆవిడ చేపలా మునిగి తేలుతుంటే, తమ్ముడు గట్టు మీద కూర్చుని కాళ్ళు వేలాడేసేవాడు. అంతే. మడమల పైకి నీళ్ళు తగిలితే ఏడిచేవాడు. ఒకరోజు అక్క బుడుంగున పైకి తేలి, గట్టు పట్టుకుని, రొప్పుతూ చెప్పింది. నీళ్ళ అడుగున, గోడలో, గుండ్రటి కిటికీ ఉందట. కిటికీ వెనక ఒక ముసలాడు నోరు తెరుచుకుని తననే చూస్తున్నాడట. చేతిలో వెండిచేపలు పట్టుకుని ఊపుతున్నాడట.

"నువ్వు కూడా దిగి చూడరా. ఇద్దరం చెబితే నమ్ముతారు," అంది.

తమ్ముడు కాళ్ళు పైకి లాక్కున్నాడు.

ఎవరూ నమ్మలేదు. ఈత నేర్పే మాస్టారు అడుగున పైపులు తప్ప ఏమీ లేవన్నాడు. అమ్మ, రిబ్బను పోగొట్టుకున్నందుకు ఒకటి, అబద్ధానికి ఒకటి, రెండు వడ్డించింది. ఆనాటి నుంచి చుట్టాలందరికీ ఆవిడ చేపలమ్మ. పెళ్ళై వచ్చిన మరదలు కూడా, కోపమొస్తే "చేపలమ్మ వదినా" అనేది. ఆవిడ ఎంతకీ మాట మార్చుకోలేదు. "చూశాను," అనేది. అంతే.

ఇప్పుడా కొలనుని కూల్చేసి ఇంకేదో కడతారట. కూల్చేముందు అడుగున గొట్టాలెలా ఉన్నాయో చూడాలని ఇంజినీరమ్మ వచ్చింది. తెల్ల టోపీ, చేతిలో ఫోను, మనిషి నిలబడ్డచోట నిలబడదు. బట్టలు మార్చుకునే గదుల వెనక, మెట్లు దిగాక, భుజమెత్తు ఇనప తలుపొకటి చూపించింది.

"దీని తాళంచెవి ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు పెద్దాయనా. పగలగొడదామంటే గోడ కదులుతుందేమోనని భయం. రేపు పొద్దున్నే మిషన్లొస్తాయి. మీరే గతి."

వీపాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపు నిండా తుప్పు. తాళం కన్నం మాత్రం శుభ్రంగా ఉంది. వేలు పెడితే నూనె అంటుకుంది, నిన్నో మొన్నో వేసినట్టు. కన్నంలోంచి సన్నగా చల్లటి గాలి వస్తోంది. దానికి బ్లీచింగ్ పౌడరు వాసన. పైన కొలనులో చుక్క నీరు లేదని ఆయనకి తెలుసు, వచ్చేటప్పుడు చూశాడు. అందులో ఎండుటాకులు, విరిగిన కుర్చీ ఒకటి, ఎవరిదో ఒంటి చెప్పు ఉన్నాయి. చెవి ఆనించాడు. ఎక్కడో చాలా దూరంగా, దుప్పటి కప్పుకున్నప్పుడు వినపడేటట్టు, పిల్లల కేరింతలు.

చెవి తీసి, చిటికెనవేలితో ఆడించుకుని, వయసుని తిట్టుకుని, పని మొదలుపెట్టాడు.

తాళం ఇబ్బంది పెట్టలేదు. నిజానికి ఆ సౌమ్యతే ఆయనకి నచ్చలేదు. రెండోసారికే, ఎదురుచూస్తున్నట్టు, టక్‌మంది. ఆయన లేచి వీపు తిప్పాడు. "ఇక మీ ఇష్టమండీ."

ఇంజినీరమ్మ వంగి లోపలికి వెళ్ళింది. కాసేపటికే మోచేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది. "ఏం లేదండీ. పైపులు, బూజు. ఆ చివర గోడలో గుండ్రంగా ఒక అద్దం బిగించి ఉంది. దానవతల చెత్త." ఫోను మోగింది. ఆవిడ మాట్లాడుతూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వీపాయన కదల్లేదు. గుండ్రంగా ఒక అద్దం. ఆ మాట ఆయన వీపులోకి దిగి అక్కడే కూర్చుంది.

ఆయన ఎదురుగోడని చూస్తున్నాడు. పైన చెప్పుకున్నట్టు, ఈ విషయంలో ఆయన్ని మోసం చేయడం కష్టం. పెచ్చులూడిన మామూలు గోడ. దాని మీద, తన నీడకి అటూ ఇటూ, ఆకుపచ్చటి వెలుతురు కదులుతోంది. ఎండలో పెట్టిన నీళ్ళ బకెట్ పక్క గోడ మీద కదిలే వెలుతురులా, అల్లుకుంటూ, విడిపోతూ. అది వెనక తలుపులోంచే రావాలి. అక్కడ ఎండ లేదు. నీళ్ళు అసలే లేవు.

ఇక్కడ తిరిగి చూడకుండా వెళ్ళిపోయి ఉంటే వీపాయన చరిత్ర మచ్చలేకుండా ముగిసేది. ఆయనకి తండ్రి గుర్తొచ్చాడు. ఆ వెంటనే, గోడవైపు తిరిగిన అక్క మొహం గుర్తొచ్చింది. మొహం కూడా కాదు, వీపు. ఈ మధ్య ఆవిడ కూడా అందరికీ వీపే చూపిస్తోంది.

ఆయన మెడ తిప్పాడు. అన్నేళ్ళుగా అటు తిరగని మెడ, దాన్నుంచి కూడా టక్‌మని చప్పుడొచ్చింది.

లోపల దారి సన్నగా, పొడుగ్గా ఉంది. తల వంచుకుని నడవాలి. నడుస్తుంటే భయం వేసింది. దాంతోపాటు, భయం కింద ఎక్కడో, ఎప్పుడో ఆఖరిసారి గోడ దూకినప్పుడు కడుపులో కలిగిన గిలిగింత కూడా కలిగింది. ఆ రెండూ ఒకటేనన్న సంగతి ఆయన మర్చిపోయి చాలా కాలమైంది. టార్చి వెయ్యలేదు. అవసరం లేదు. దారి చివర గుండ్రటి అద్దం, ఆకుపచ్చగా, చంద్రుడంత నింపాదిగా వెలుగుతోంది.

అద్దం అవతల నీళ్ళు. పైదాకా, నిండుగా. ఎండ నీళ్ళలోంచి కిందికి కర్రలు కర్రలుగా దిగుతోంది.

ఆ ఎండలోంచి ఒక ఆడపిల్ల తలకిందులుగా దిగివచ్చింది. నీలం గౌను గొడుగులా విచ్చుకుంది. ఒక జడకి రిబ్బను ఉంది, ఒక జడకి లేదు. ముందుపన్ను ఊడిన చోట సందు. అద్దం దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ఆనించి, ఆయన కళ్ళలోకి చూసింది.

ఆయనకి నోరు తెరుచుకుపోయింది. ఏం చేయాలో తెలియక, మనిషి మనిషికి చేసేదే చేశాడు. చెయ్యి ఎత్తి ఊపాడు. ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని ఆయన చేతినే చూసింది. తర్వాత కాళ్ళు ఒక్క తన్ను తన్ని పైకి వెళ్ళిపోయింది.

"పెద్దాయనా! ఉన్నారా?" మెట్ల మీంచి ఇంజినీరమ్మ కేక.

వెలుతురు పోయింది. ఆయన టార్చి వేశాడు. అద్దం మీద దుమ్ము. అవతల ఎండుటాకులు, ఒంటి చెప్పు.

బయటికొచ్చి తలుపు వేసి, తాళం తిప్పి, ఇంజినీరమ్మ ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా ఇంటిదారి పట్టాడు. సగం దూరం వచ్చాక గానీ తాను పరిగెడుతున్నానని ఆయనకి తెలియలేదు. ఆ వయసు మనిషి, సంచీ చంకన పెట్టుకుని, సందు మొదట్లో కుక్కని కూడా దాటేశాడు.

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, అడుగు."

ఆయన సంచీని చప్పుడయ్యేలా నేలమీద దించాడు.

"అడగవే. ఇవాళ చూశాను."

దుప్పటి కదిలింది. "ఏ తలుపురా?"

"ఈతకొలను కింద తలుపు. లోపలికెళ్ళాను."

ఆవిడ ఇటు తిరిగింది. "నువ్వా? లోపలికా?" ఆ వెంటనే, "లోపలేముంది?" అంది.

"నువ్వున్నావు."

ఆవిడ మోచేతి మీద లేచింది. "ఏం వేసుకున్నాను?"

"నీలం గౌను. ఒక జడకి రిబ్బను లేదు."

"కిటికీ వెనక ముసలాడు లేడా?"

ఆయన అక్కడ చేసినట్టే చెయ్యి ఎత్తి ఊపాడు. అప్పుడు చూసుకున్నాడు. గుత్తి చేతిలోనే ఉంది. పొద్దుటి నుంచీ చేతిలోనే ఉంది. ఇంకా పళ్ళు కొట్టని కొత్త తాళంచెవులు, సన్నగా, పొడుగ్గా, కిటికీలోంచి పడుతున్న వెలుతురులో తళతళమంటూ కొట్టుకుంటున్నాయి.

"చేపలు," అంది అక్క.

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విని వంటింట్లో మరదలి చేతిలోంచి గిన్నె జారిపడింది. "నువ్వట్రా ఆ ముసలాడివి! నీ మొహం మండా! నీ మూలాన నేను దెబ్బలు తిన్నానురా!"

"అక్కా, వాళ్ళు రేపు పొద్దున్నే దాన్ని కూల్చేస్తారు."

"అయితే నన్ను ఇప్పుడే తీసుకెళ్ళు."

ఆయన జేబు తడుముకున్నాడు. చేసిన తాళంచెవి జేబులోనే ఉంది. ఒక్కరోజులో తండ్రి పెట్టిన రెండు నియమాలూ గంగలో కలిసిపోయాయి.

మరదలు గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది. "ఏమండీ, మీకు గానీ మతిపోయిందా? మంచం దిగని మనిషిని ఎక్కడికి తీసుకెళ్తారు?" అంటూనే లోపలికెళ్ళి శాలువా తెచ్చింది. "చలిగా ఉంటుంది, కప్పుకో వదినా."

"నువ్వు అల్లిందేనా? దీన్లో ఉన్నికంటే చిల్లులే ఎక్కువ," అంది వదిన.

మరదలు కళ్ళు తుడుచుకుని, "చిల్లులు వద్దనుకుంటే తమరే అల్లుకోవాల్సింది," అంది తృప్తిగా.

చక్రాల కుర్చీలో కొలను గేటు దాకా వెళ్ళారు. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. తాళంచెవి ఇవ్వడం మర్చిపోయానని, ఒకసారి సరిచూసి ఇస్తానని వీపాయన చెప్పాడు. "మరి ఈవిడ?" అన్నాడు వాచ్‌మన్. "సాక్షి," అన్నాడు వీపాయన, కోర్టులో చెప్పినట్టు. వాచ్‌మన్ అంతటి గాంభీర్యాన్ని తట్టుకోలేక పక్కకి తప్పుకున్నాడు.

మెట్ల దగ్గర కుర్చీ ఆగిపోయింది. ఆయన వంగి, అక్కని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. చిన్నప్పుడు ఇదే దారిలో ఆవిడ ఆయన్ని మోసేది. ఇప్పుడావిడ ఒక పాత కోటు బరువు కూడా లేదు. ఇనప తలుపు, సన్నటి దారి. ఎవరి ఊపిరి ఎవరిదో తెలియడం లేదు. అద్దం ముందు ఆగి, టార్చి ఆపి, ఆయన అలవాటు చొప్పున టక్కున వెనక్కి తిరిగి గోడవైపు నిలబడ్డాడు.

ఆవిడ నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఇటు తిప్పరా! నాకూ గోడే చూపిస్తావా?"

ఇటు తిరిగాడు. చీకటి. దుమ్ము వాసన. పైన ఎక్కడో రేకు ఒకటి గాలికి కొట్టుకుంటోంది. ఏమీ లేదు, అనుకున్నాడు ఆయన. మెడ మీద అక్క చేతులు కూడా నెమ్మదిగా బరువెక్కుతున్నాయి.

అప్పుడు అద్దం అడుగున ఆకుపచ్చటి గీత ఒకటి పాకింది. నీళ్ళు, ఎవరో గ్లాసులో పోస్తున్నట్టు, చప్పుడు లేకుండా పైకి లేచాయి. ఎండ దిగింది. ఈసారి ఆడపిల్ల లేదు. నీళ్ళ పైభాగాన, గట్టు దగ్గర, రెండు చిన్న పాదాలు వేలాడుతున్నాయి. బొటనవేళ్ళు భయంతో ముడుచుకుని ఉన్నాయి. ఎవరివో వాళ్ళిద్దరిలో ఎవరూ చెప్పుకోలేదు.

"పైన నేను వాణ్ణి బతిమాలుతూ ఉంటాను ఇప్పుడు," అంది అక్క గుసగుసగా. "వీడు దిగడు."

పాదాలు పైకి వెళ్ళిపోయాయి.

ఆవిడ తమ్ముడి భుజం మీంచి ముందుకి వంగి, వేళ్ళ కణుపులతో అద్దం మీద కొట్టింది. టక్, టక్. "దిగరా పిరికోడా. నేనిక్కడ ఉన్నానుగా. దిగు."

ఏమీ కాలేదు. ఆవిడ మళ్ళీ కొట్టింది. వీపాయన కూడా, తనని తానే పిలుచుకోవడంలోని ఎబ్బెట్టుని పక్కనపెట్టి, గుత్తితో అద్దం మీద కొట్టాడు.

నీళ్ళు బద్దలయ్యాయి. తెల్లటి బుడగల మధ్య ఒక పిల్లవాడు, బుగ్గలు పూరించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రాయిలా దిగాడు. అద్దం ఎదురుగా వచ్చాక కళ్ళు తెరిచాడు. కుడికంటి చుట్టూ తుప్పుచార. వాడు ముసలాణ్ణి చూశాడు, ముసలాడి భుజం మీంచి తొంగిచూస్తున్న ముసలమ్మని చూశాడు. నోరు తెరిచాడు. నోట్లోంచి బుడగలు వచ్చాయి. పైనుంచి ఒక చిన్న చెయ్యి దిగి, వాడి జుట్టు పట్టుకుని, పైకి లాగేసింది.

చీకటైపోయింది. చాలాసేపు ఇద్దరూ అలాగే నిలబడ్డారు, నిలబడింది ఒక్కడే అయినా.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. కుర్చీ తోస్తూ తోస్తూ ఆయన తల ఒక పక్కకి వంచి, ఒంటికాలి మీద గెంతాడు. కుడిచెవిలోంచి వెచ్చటి నీటిచుక్క ఒకటి భుజం మీద పడింది. ఆయన దాన్ని వేలితో తుడిచి వాసన చూశాడు. బ్లీచింగ్ పౌడరు.

ఇంటి గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. "వచ్చారా, చేపల జంట! ఇంట్లో ఒకళ్ళుంటేనే కష్టం, ఇద్దరున్నారు నా ప్రాణానికి."

ఆయన కుర్చీ ఆపాడు. "జంటేమిటి? చేపలమ్మ అక్కొక్కతేగా."

"బాగుంది! పెళ్ళైన కొత్తలోనే అత్తయ్య చెప్పింది. నీళ్ళ కింద ముసలాళ్ళని చూశామని అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకటే మాట మీద ఉన్నారని, ఎన్ని తగిలించినా మార్చలేదని. ఇన్నేళ్ళుగా అలాగే పిలుస్తున్నానుగా మిమ్మల్ని." ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆ జుట్టేమిటండీ, తడిగా?"

ఆయన కాదందామని నోరు తెరిచాడు. అప్పుడు, ఎవరో లోపల్నుంచి గడియ తీసినట్టు, అది గుర్తొచ్చింది. చెవుల్లో దిమ్ము, చలి, ఆకుపచ్చటి వెలుతురు, జుట్టు పట్టుకున్న అక్క చెయ్యి. వంటింటి మూలలో ఇద్దరూ పక్కపక్కన గోడవైపు తిరిగి నిలబడ్డ సాయంత్రం. పక్కన తడి గౌనులోంచి కారుతున్న నీళ్ళు. "ఇద్దరం చూశాంగా," అని గుసగుసలాడిన అక్క.

ఆయన కుర్చీవైపు చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

అక్క గేటు పట్టుకుని, శాలువా సర్దుకుంటూ, తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంది.

"దిగడానికి ఎంతసేపు చేశావురా," అంది.